పాత పికప్పు కొన్నాను, టైమింగ్ బెల్టు ఇప్పుడే మార్చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 2011 మోడల్ డీజిల్ పికప్పును పాకాల దగ్గర ఒకరి నుంచి కొన్నారు. మీటరులో 1,42,000 కిలోమీటర్లు చూపిస్తోంది. టైమింగ్ బెల్టును, అంటే ఇంజన్ భాగాలను వంతు తప్పకుండా తిప్పే పళ్ల రబ్బరు పట్టీని, మధ్యలో ఒకసారి మార్చామని అమ్మిన ఆయన నోటిమాటగా చెప్పారు, బిల్లు లేదు. ఇంజన్ చప్పుడు బాగుంది, బండి బాగా లాగుతోంది. మామిడి సీజను అయ్యేదాకా ఆగి మార్చవచ్చా, అసలు మార్చాల్సిన అవసరం ఉందా అని అడిగారు.

మార్చండి. సీజను అయ్యాక కాదు, మొదటి లోడు ఎత్తక ముందే మార్చండి. బిల్లు లేని బెల్టును మార్చని బెల్టుగానే లెక్కవేయాలి. తిరుపతిలో 27 ఏళ్లుగా డీజిల్ ఇంజన్లు విప్పి బిగిస్తున్నాను. పాత బండి కొని వచ్చినవాళ్లకు నేను మొదట చెప్పే పని ఇదే. ఇంజన్ ఆయిలు, టైర్లు, సీటు కవర్లు ఆ తర్వాత.

అయితే మీరు కంపెనీ పేరు, ఇంజన్ రకం రాయలేదు. ఇలాంటి ప్రశ్నకు అదే ముఖ్యం, ఎందుకంటే అన్ని పికప్పులకూ టైమింగ్ బెల్టు ఉండదు. కొన్నింటికి గొలుసు, అంటే టైమింగ్ చైను ఉంటుంది. మరికొన్ని పాత ఇంజన్లలో పళ్లచక్రాలే ఒకదాన్నొకటి తిప్పుకుంటాయి. గేర్ల బండికి బెల్టు మార్చాలని డబ్బు అడిగిన ఘనులు కూడా ఉన్నారు కాబట్టి ముందు మీరే చూసుకోండి. ఇంజన్ ముందు భాగంలో, ఫ్యాను బెల్టు వెనుక ఉండే కవరు మీద తట్టండి. ప్లాస్టిక్‌ది గానీ పలుచని రేకుది గానీ అయి, నాలుగైదు చిన్న బోల్టులతో ఊడి వచ్చేదైతే లోపల ఉన్నది దాదాపుగా బెల్టే. రబ్బరు బెల్టు పొడిగా తిరగాలి, అందుకే దానికి తేలికపాటి కవరు సరిపోతుంది. చైనుకూ గేర్లకూ ఆయిలు కావాలి. అందుకని వాటి కవరు గట్టి లోహంతో, ప్యాకింగు వేసి ఆయిలు కారకుండా బిగించి ఉంటుంది. మీరు ‘ముందు నల్ల ప్లాస్టిక్ కవరు ఉంది’ అని రాశారు కాబట్టి బెల్టు బండి అనే అనుకుని మిగతాది చెబుతాను.

ఈ బెల్టుకు ఎందుకంత భయపడాలి? కింద పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంకు, పైన ఉండే ఇరుసు క్యాము, రెండిటినీ కలిపేది ఈ బెల్టు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక చుట్టు తిరగాలి. ఆ క్యామే వాల్వులను, అంటే గాలి, పొగ వెళ్లే దారుల మూతలను, తెరుస్తుంది, మూస్తుంది. బండి 2,000 ఆర్‌పీఎం మీద, అంటే క్రాంకు నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతూ, వెళుతున్నప్పుడు ఒక్కో వాల్వు నిమిషానికి 1,000 సార్లు కిందికి దిగి పైకి వెళుతుంది. వాల్వు దిగే చోటికే పిస్టనూ పైకి వస్తుంది. ఇద్దరూ ఢీకొనకుండా వంతులు వేసేది ఆ రబ్బరు పట్టీ ఒక్కటే. మీ బండి కాలం నాటి డీజిల్ ఇంజన్లలో గాలిని బాగా చిన్న చోటికి నొక్కాలి కాబట్టి పిస్టన్ పైకి వచ్చినప్పుడు హెడ్డుకు, అంటే ఇంజన్ పై మూతకు, దాదాపు ఆనుకుంటుంది. అక్కడ తెరిచిన వాల్వుకు చోటే ఉండదు. కొన్ని పెట్రోలు ఇంజన్లలో బెల్టు తెగితే బండి ఆగిపోతుంది అంతే, కొత్త బెల్టు వేసుకుని వెళ్లిపోవచ్చు. డీజిల్లో ఆ భాగ్యం ఉండదు. క్యాము ఎక్కడిదక్కడ ఆగుతుంది, క్రాంకు ఊపు మీద తిరుగుతూనే ఉంటుంది, పిస్టన్లు వెళ్లి వాల్వులను గుద్దుతాయి.

కొన్నేళ్ల కిందట చంద్రగిరి వైపు పాల బండి ఒకటి తాడు కట్టి లాక్కొచ్చారు. మొగిలి ఘాట్ ఎక్కుతూ టప్పున ఆగిందట. డ్రైవరు కుర్రాడు కంగారులో పది పదిహేను సార్లు సెల్ఫ్ కొట్టాడు. నేను షెడ్డులో ఒక్కసారి కొట్టగానే అర్థమైంది. మామూలుగా సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ ఆయాసపడుతూ ‘గుర్... గుర్...’ అని తిరుగుతుంది. ఇది మిక్సీలా ఏ అడ్డూ లేకుండా గిర్రున తిరిగింది. కంప్రెషన్ లేదు, అంటే లోపల గాలి నొక్కుకోవడం లేదు, వాల్వులు మూసుకోవడం లేదు. హెడ్డు దించితే నాలుగు వాల్వులు వంగి ఉన్నాయి. పిస్టన్ల నెత్తి మీద గోటితో నొక్కినట్టు నెలవంక గాట్లు. బెల్టు తెగినప్పుడు పడినవి కొన్ని, ఆ తర్వాత సెల్ఫ్ కొట్టినప్పుడు పడినవి కొన్ని. నడుస్తున్న బండి ఒక్కసారిగా ఆగిపోయి, సెల్ఫ్ మరీ తేలిగ్గా తిరుగుతుంటే ఇక కొట్టకండి. మీ డ్రైవరుకు కూడా ఈ మాట చెప్పి ఉంచండి.

చప్పుడు బాగుంది కదా అన్నారు. చైను సాగితే గలగలమంటుంది, గేరు అరిగితే మూలుగుతుంది. బెల్టు చెప్పి తెగదు. ఉదయం మెత్తగా స్టార్ట్ అయిన బండే మధ్యాహ్నానికి ఆగిపోతుంది. కవరు తీసి చూస్తే తెలియదా అని కొందరు అడుగుతారు. పళ్ల మొదట్లో పగుళ్లు, అంచున నూలు పోగులు లేవడం, వీపు అద్దంలా మెరవడం, ఆయిలు తడి, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే మార్చాలి. కానీ ఏమీ కనిపించకపోతే బాగుందని అర్థం కాదు. బరువు మోసేది పైన కనిపించే రబ్బరు కాదు, లోపలి గాజు పోగుల తాళ్లు. అవి పుటుక్కుమనేదాకా పైకి ఏమీ కనిపించదు.

ఇక కిలోమీటర్ల లెక్క. పాత బళ్ల మీటరు మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కేబులు తెగి ఏడాది తిరగనివి ఉన్నాయి, కావాలని వెనక్కి తిప్పినవీ ఉన్నాయి. అది నిజమే అనుకున్నా మన వైపు మామిడి బళ్లకు ఇంకో సంగతి ఉంది. సీజనులో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల బళ్లు గంటల తరబడి, ఒక్కోసారి రాత్రంతా వరుసలో ఉంటాయి. పది గజాలు కదలడం, ఆగడం. చాలామంది ఇంజన్ ఆపరు. ఊరికే తిరిగే ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుందనుకుంటే గంటకు 48,000 చుట్లు. రోడ్డు మీద 2,000 ఆర్‌పీఎంతో గంట వెళితే 1,20,000 చుట్లు. అంటే వరుసలో అయిదు గంటలు నిలబడితే రోడ్డు మీద రెండు గంటలు నడిచినంత పని బెల్టు చేసింది. మీటరులో మాత్రం కిలోమీటరు కూడా పెరగలేదు. పైగా మే, జూన్ ఎండ, గాలి తగలని ఇంజన్ వేడి. రబ్బరు వేడికి పెళుసవుతుంది. అందుకే కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లలో నేను నాలుగో వంతు తగ్గించి చెబుతాను. పుస్తకం పోయింది అన్నవాళ్లకు 60,000 కిలోమీటర్లు లేదా నాలుగేళ్లు, ఏది ముందైతే అది. ఇది నా షెడ్డు లెక్క. మీ కంపెనీ పుస్తకం ఇంకా తక్కువ చెబితే దాన్నే పాటించండి. అన్నట్టు, తిరగకుండా ఇంటి ముందు నిలబడిన బండి బెల్టుకూ వయసు వస్తుంది. ‘మూడేళ్లు కదిపిందే లేదు, కొత్తదానిలా ఉంది’ అని అమ్మేవాళ్లు చెబితే నాకు భయం ఇంకా ఎక్కువవుతుంది.

ఇప్పుడు అసలు పని. బెల్టు ఒక్కటే మార్చవద్దు. ఇది నేను సొంత డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. షెడ్డు పెట్టిన రెండో ఏడు. ఒక ఆయన ఖర్చు తగ్గించమని బతిమాలితే బెల్టు మాత్రం వేసి, దాన్ని బిగువుగా పట్టి ఉంచే చక్రం, అంటే టెన్షనరు, పాతదే ఉంచాను. చేత్తో తిప్పి చూశాను, ఎంతో తేలిగ్గా గిరగిర తిరిగింది, బాగుందనుకున్నాను. అలా తేలిగ్గా తిరగడమే దాని రోగమని అప్పటికి తెలియదు. గ్రీజు ఉన్న బేరింగు వేలితో తిప్పితే కాస్త బరువుగా తిరిగి ఆగిపోతుంది. ఎండిపోయినదే బొంగరంలా తిరుగుతూ ఉంటుంది, చెవి దగ్గర పెట్టుకుంటే ఇసుక నలిగినట్టు వినిపిస్తుంది. ఆ బండి 8,000 కిలోమీటర్లు తిరక్క ముందే బేరింగు పట్టేసింది. కొత్త బెల్టు పక్కకు జరిగి, కవరుకు ఒరుసుకుని, పళ్లు ఊడగొట్టుకుంది. హెడ్డు పనికి లేతు షాపులో అయిన డబ్బంతా నేనే కట్టాను. అప్పటి నుంచి టెన్షనరు, బెల్టుకు దారి చూపే ఐడ్లరు బేరింగు ఉంటే అది, బెల్టు, మూడూ కొత్తవైతేనే పని ఒప్పుకుంటాను. వద్దన్నవాళ్లకు దండం పెట్టి పంపేస్తాను.

ఆయిల్ సీళ్లు, అంటే ఆయిలు బయటికి కారకుండా ఆపే వలయాలు కూడా అప్పుడే మార్చేయాలి. క్రాంకు ముందు ఒకటి, క్యాము ముందు ఒకటి ఉంటుంది. ధర లెక్కలోకి రాదు. అవి కారితే ఆయిలు పడి కొత్త బెల్టు ఉబ్బి మెత్తబడుతుంది. కవరు లోపల నల్లటి జిడ్డు పేరుకుని ఉంటే సీలు పోయినట్టే, దాన్ని తుడిచి బెల్టు వేసి పంపేవాళ్లను నమ్మకండి. వాటర్ పంపు సంగతి ఇంజనును బట్టి ఉంటుంది. మీ బండిలో అది టైమింగ్ బెల్టుతోనే తిరిగేదైతే తప్పక మార్చండి, ఎందుకంటే రేపు అది కారితే మళ్లీ ఇంత పనీ విప్పాలి. బయట ఫ్యాను బెల్టుతో తిరిగేదైతే దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

సామాను మీరే కొంటానంటే పాత బెల్టు విప్పాక దాన్ని పట్టుకుని వెళ్లండి. పళ్ల సంఖ్య, వెడల్పు, పన్ను ఆకారం మూడూ కలవాలి. గుండ్రటి పన్ను ఉన్నచోట పలక పన్ను బెల్టు కూర్చున్నట్టే కనిపిస్తుంది గానీ కూర్చోదు. మేకుకు తగిలించి దుమ్ము పట్టినది, మడత పెట్టి రబ్బరు బ్యాండు వేసినది తీసుకోవద్దు. ఒక్కసారి గట్టిగా మడిస్తే లోపలి గాజు పోగులు విరుగుతాయి. దాన్ని కంటితో కనిపెట్టలేరు. నకిలీలు కూడా బాగానే వస్తున్నాయి. పెట్టె మీది పార్టు నంబరు, బెల్టు వీపు మీద అచ్చు వేసిన నంబరు ఒకటేనా చూడండి. బిల్లు లేకుండా సగం ధరకు ఇస్తానంటే ఆ దుకాణం మెట్లు దిగి వచ్చేయండి.

బిగించే పని సొంతంగా చేసుకోవచ్చా అని కూడా అడిగారు. పానాలు పట్టడం వచ్చినా మొదటిసారి పక్కన తెలిసినవాడు లేకుండా చేయవద్దంటాను. అయినా పక్కన నిలబడి చూడండి, ఎందుకంటే మెకానిక్ పనితనం ఈ గంటలోనే తెలుస్తుంది.

పాత బెల్టు తీయక ముందే క్రాంకు, క్యాము మార్కులు వాటి స్థానాలకు తెచ్చి కలపాలి. పాత డీజిల్ బళ్లలో చాలా వాటికి డీజిల్‌ను ఇంజన్లోకి కొట్టే ఇంజెక్షన్ పంపు కూడా ఇదే బెల్టుతో తిరుగుతుంది, అప్పుడు మూడో మార్కు ఉంటుంది. కంపెనీ మార్కులు మసి పట్టి కనిపించవు కాబట్టి నేను చిన్న కుంచెతో తెల్ల రంగు చుక్కలు పెట్టుకుంటాను. బెల్టు తీశాక క్యామును, క్రాంకును విడివిడిగా తిప్పకూడదు. కొత్త బెల్టును స్క్రూడ్రైవరుతో పొడిచి ఎక్కించకూడదు, చేత్తోనే పోవాలి. టెన్షనరు వదిలాక ఇంజనును చేత్తో, పానాతో, అది తిరిగే వైపే రెండు పూర్తి చుట్లు తిప్పాలి. స్టార్టు చేసేటప్పుడు ఇంజనును లోపల వేడి చేసే గ్లో ప్లగ్గులు తీసేస్తే తేలిగ్గా తిరుగుతుంది. మధ్యలో గట్టిగా ఏదైనా తగిలి ఆగితే బలం పెట్టకూడదు. పిస్టన్ వాల్వుకు తగిలిందని అర్థం, విప్పి మళ్లీ మొదటి నుంచి కలపాలి. రెండు చుట్ల తర్వాత పుల్లీల మీది మార్కులు మళ్లీ కలిస్తే పని సరిగా కుదిరినట్టు. అప్పుడు బెల్టు మీద గుర్తుగా ఉండే గీతలు పక్కకు వెళ్లి ఉంటాయి, అది మామూలే. కొత్త కుర్రాళ్లు దాన్ని చూసి బెదిరి మళ్లీ విప్పుతుంటారు. ఈ రెండు చుట్లు తిప్పకుండా నేరుగా సెల్ఫ్ కొట్టే మెకానిక్ మీకు తటస్థపడితే అక్కడే ఆపించండి, మొహమాటం వద్దు.

బిగువు విషయంలో ఇంజనుకొక పద్ధతి ఉంది. కొన్ని టెన్షనర్లు స్ప్రింగు బలంతో తామే సర్దుకుంటాయి. చేత్తో బిగించే పాత రకమైతే, పొడవైన వైపు బెల్టును బొటనవేలు, చూపుడువేలితో పట్టి తిప్పితే పావు చుట్టు వరకు తిరగాలి, అంతకు మించకూడదు. ఇది చేతి అంచనా లెక్కే, పుస్తకంలో కొలత ఉంటే అదే గొప్ప. మరీ బిగిస్తే బండి స్టార్ట్ అయ్యాక సన్నగా కూత వినిపిస్తుంది, బేరింగు త్వరగా పోతుంది. క్రాంకు పుల్లీ బోల్టుకు మాత్రం బిగువు కొలిచి చూపే టార్కు పానా వాడాలి. జబ్బ బలాన్ని నమ్ముకుని బిగించి వదిలేసిన బోల్టు వదులై, పుల్లీ గాడి తినేసిన బళ్లు రెండు చూశాను.

పని అయ్యాక ఒక పన్ను తేడా పడిందేమో మీరే కనిపెట్టవచ్చు. క్యాము ఒక పన్ను తప్పితే స్టార్టు కావడానికి మొరాయిస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు నల్ల పొగ వదులుతూ లాగలేకపోతుంది. ఇంజెక్షన్ పంపు వెనకబడితే తెల్ల పొగ, నీరసం. ముందుకు పోతే సుత్తితో కొట్టినట్టు కటకట. ‘నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుంది’ అని ఎవరైనా చెబితే వినకండి. టైమింగ్ తనంతట తాను సర్దుకోదు.

ఖర్చు గురించి. బండి రకం తెలియకుండా రూపాయల్లో చెప్పడం సరికాదు గానీ, నా దగ్గరికి వచ్చినవాటిలో బెల్టు, టెన్షనరు కిట్టు, సీళ్లు, కూలి అన్నీ కలిపినా హెడ్డు దించాల్సి వచ్చినప్పుడు అయ్యేదానిలో నాలుగో వంతు దాటదు. బెల్టు పని ఒక పూట. హెడ్డు పని అయితే లేతు షాపు వరుసను బట్టి వారం. సీజనులో వారం పాటు బండి నిలిచిపోతే, తోటలో కోసిన కాయ ఆగదు కదా. కిస్తీ కూడా ఆగదు.

బెల్టు మార్చేదాకా రెండు జాగ్రత్తలు. బ్యాటరీ దిగితే బండిని తోసి స్టార్ట్ చేయవద్దు. గేరులో పెట్టి ఒక్కసారిగా క్లచ్చి వదిలినప్పుడు పడే కుదుపుకు పాత బెల్టు పన్ను దాటవచ్చు. రెండోది, వాలులో హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరును మాత్రమే నమ్ముకుని నిలపవద్దు. భాకరాపేట ఘాట్ లాంటి చోట లోడుతో నిలిపిన బండి వెనక్కి ఒక అడుగు జారినా క్రాంకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. టెన్షనరు ఉండని వైపు బెల్టు వదులై పళ్లు జారుతుంది. కొత్త బెల్టుకు కూడా ఇది మంచిది కాదు, పాతదానికైతే ప్రాణాంతకం. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రానికి రాయి పెట్టండి.

పాత సామానంతా సంచిలో వేసి ఇవ్వమని అడగండి, ఇవ్వనంటే ఎందుకని అడగండి. కవరు మూసే ముందు దాని లోపలి వైపు తేదీ, మీటరు అంకె రంగుతో రాయించండి. బయట రాస్తే కడిగినప్పుడు పోతుంది. ఒకవేళ అమ్మిన ఆయన నిజంగానే బెల్టు మార్పించి ఉంటే మీ కవరు లోపల కూడా అలాంటి రాత ఉండవచ్చు, విప్పగానే చూడండి. తేదీ నాలుగేళ్ల లోపుదై, అక్కడ రాసిన మీటరు అంకె నుంచి 60,000 కిలోమీటర్లు దాటకపోతే, సీళ్లు పొడిగా ఉంటే, బేరింగు బరువుగా తిరుగుతుంటే కవరు మూసి హాయిగా లోడుకు వెళ్లండి, నా మాట వెనక్కి తీసుకుంటాను. కంపెనీ పేరు, ఇంజన్ రకం రాస్తే మార్కులు ఎక్కడెక్కడ ఉంటాయో, వాటర్ పంపు ఏ బెల్టు మీద ఉందో చెబుతాను.